కారుకి యాక్సిడెంట్ అయితే: క్లెయిమ్ చెయ్యాలా, సొంత డబ్బు పెట్టుకోవాలా?

నిరుడు ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నా కారుని వెనక నుంచి ఒక డెలివరీ వ్యాన్ గుద్దింది. దిగి చూస్తే బంపర్ మీద అరచేయంత సొట్ట, డిక్కీ డోర్ కాస్త లోపలికి పోయింది. వ్యాన్ నడిపే కుర్రాడు చేతులు జోడించి, వాళ్ల ఓనర్‌తో ఫోన్‌లో మాట్లాడించాడు. వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. మూడు వేలు ఇస్తానన్నారు, తీసుకున్నాను, ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. రెండు రోజుల తర్వాత వర్క్‌షాప్‌లో బంపర్ విప్పితే లోపల ఇనప బీమ్ వంగిపోయి, డిక్కీ అడుగున రేకు ముడతలు పడి ఉంది. ఎస్టిమేట్ 31,000 రూపాయలు. ఆ వ్యాన్ నంబరు కూడా నేను రాసుకోలేదు.

దెబ్బ ఎంతో తెలియకుండానే నిర్ణయం తీసేసుకున్నాను, జరిగింది అదే. ఆ తర్వాత పాలసీ కాగితాలు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను, తెలిసిన సర్వేయర్‌ని (ఇన్సూరెన్స్ కంపెనీ కోసం నష్టం లెక్కగట్టే మనిషి) కూర్చోబెట్టి అడిగాను. మన దేశంలో ప్రైవేట్ కారు ఉన్నవాళ్లు యాక్సిడెంట్ అయ్యాక నాలుగైదు చోట్ల "ఇదా, అదా" అని తేల్చుకోవాల్సి వస్తుంది. అవన్నీ టెన్షన్‌లో ఉన్నప్పుడే ఎదురవుతాయి. కాబట్టి బండి బాగున్నప్పుడే ఒకసారి చదివి ఉంచుకోండి.

రోడ్డు మీదే రాజీ పడటం

ఎవరికీ దెబ్బ తగలకుండా, రెండు బండ్లకీ పైపైన గీతలే పడితే రాజీలో తప్పు లేదు. అయినా ముందు ఫోటోలు తియ్యండి. బండ్లు కదపకముందే రెండు నంబరు ప్లేట్లూ ఒకే ఫోటోలో వచ్చేలా ఒకటి, దూరం నుంచి రోడ్డు కనపడేలా ఒకటి, అవతలి వ్యక్తి లైసెన్స్, ఇన్సూరెన్స్ కాగితం ఒక్కోటి. రెండు నిమిషాల పని. వెనక నుంచి గుద్దిన దెబ్బ బయటికి కనిపించినంతే ఉండదు. ప్లాస్టిక్ బంపర్ వంగి మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది, లోపలి రేకు రాదు. అందుకే వెనక దెబ్బకి అక్కడికక్కడ డబ్బు తీసుకోవద్దని నా సలహా. వర్క్‌షాప్‌లో చూపించి చెప్తానని నంబర్లు తీసుకుని రండి. అవతలివాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, ఆ సంగతి దాచిపెట్టి అదే దెబ్బకి క్లెయిమ్ పెడితే, బయటపడిన రోజు క్లెయిమే పోవచ్చు.

మనిషికి చిన్న దెబ్బ తగిలినా రాజీ మాట ఎత్తొద్దు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోగా పోలీసులకి చెప్పడం, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం డ్రైవర్ బాధ్యత. చేతిలో డబ్బు పెట్టి పంపించేస్తే అయిపోయిందనుకుంటారు చాలామంది. తర్వాత వాళ్లు కేసు వెయ్యకుండా అది ఆపలేదు. పైగా కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, డబ్బు ఇస్తానని మాటివ్వడం గానీ చెయ్యకూడదని మన పాలసీల్లో షరతు ఉంటుంది. జాలి పడండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి, బాండ్ పేపర్ మీద మాత్రం ఏమీ రాసివ్వకండి.

ఇంకో ముఖ్యమైన మాట. కింద నుంచి ఆయిల్ కారుతున్నా, టెంపరేచర్ ముల్లు పైకి పోతున్నా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు. రిపేర్ చేయించకుండా నడపడం వల్ల పెరిగిన నష్టం మీ ఖాతాలోదే అని పాలసీలో స్పష్టంగా ఉంటుంది. ఇంజిన్ కింద ఆయిల్ ఉండే సంప్‌కి రాయి తగలడం యాక్సిడెంట్. ఆయిల్ లేకుండా నడిపి ఇంజిన్ పట్టేస్తే ఆ ఖర్చు మీదే. టోయింగ్‌కి ఫోన్ చెయ్యండి.

క్లెయిమా, జేబు డబ్బా?

చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. "ప్రీమియం కడుతున్నాం కదా, వాడుకోకపోతే ఎలా" అని ప్రతి గీతకీ క్లెయిమ్ పెట్టేవాళ్లు ఒకవైపు, "నో క్లెయిమ్ బోనస్ పోతుంది" అని 40,000 బిల్లు కూడా చేత్తో కట్టేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరూ ఒక కాగితం తీసుకుని ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు.

నో క్లెయిమ్ బోనస్ అంటే క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకి రెన్యువల్‌లో ఇచ్చే తగ్గింపు. ఒక ఏడాదికి 20 శాతం, రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, ఐదేళ్లకి 50. అది ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారు నష్టానికి కవర్) ప్రీమియం మీదే వస్తుంది, థర్డ్ పార్టీ (మీ బండి వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి కవర్) ప్రీమియం మీద రాదు. ఒక్క క్లెయిమ్ చేస్తే, అది 3,000 అయినా 3 లక్షలైనా, తప్పు మీది అయినా కాకపోయినా, మామూలుగా బోనస్ సున్నాకి పడిపోతుంది.

సున్నాకి పడితే పోయేది ఒక్క ఏడాది తగ్గింపే అనుకోవద్దు. మళ్లీ మెట్లు ఎక్కాలి. మీ ప్రస్తుత పాలసీలో 35 శాతం ఉందనుకోండి. క్లెయిమ్ చెయ్యకపోతే రాబోయే ఐదు రెన్యువల్స్‌లో 45, 50, 50, 50, 50 వస్తాయి. చేస్తే 0, 20, 25, 35, 45. తేడాలన్నీ కూడితే 120 శాతం. అంటే తగ్గింపుకి ముందున్న ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అయితే, ఐదేళ్లలో మీకు పడే భారం 12,000 దాకా ఉంటుంది. కారు విలువతో పాటు ప్రీమియం కూడా ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే. ఇప్పటికే 50 శాతంలో ఉన్నవాళ్లకి ఈ మొత్తం 125 శాతం. అదే కొత్త కారు, మొదటి ఏడాదే దెబ్బ తగిలితే 50 శాతమే. కొత్త బండికి క్లెయిమ్ చేస్తే పోయేది తక్కువ, ఏళ్ల తరబడి బోనస్ కూడబెట్టుకున్నవాళ్లకి ఎక్కువ. జనం సరిగ్గా దీనికి తిరగేసి ఆలోచిస్తారు.

ఇప్పుడు రెండో వైపు చూడాలి: కంపెనీ నిజంగా ఎంత ఇస్తుంది? బిల్లు మొత్తం ఇవ్వదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి, టైర్లకి, బ్యాటరీకి 50 శాతం తరుగుదల కోస్తుంది. ఫైబర్‌గ్లాస్‌కి 30 శాతం. అద్దానికి కోత లేదు. ఇనప భాగాలకి బండి వయసుని బట్టి: ఆరు నెలల దాకా ఏమీ లేదు, ఏడాది దాకా 5 శాతం, రెండేళ్ల దాకా 10, మూడేళ్ల దాకా 15, నాలుగేళ్ల దాకా 25, ఐదేళ్ల దాకా 35, పదేళ్ల దాకా 40, ఆ పైన 50. పెయింటింగ్ బిల్లు మొత్తంగా ఇస్తే అందులో పావు వంతుని రంగు ఖరీదుగా లెక్కగట్టి, దానిలో సగం కోస్తారు. ఇవన్నీ అయ్యాక తప్పనిసరి డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే పెట్టుకోవాల్సిన మొత్తం: 1500 సీసీ దాకా 1,000, అంతకు మించితే 2,000. ప్రీమియం తగ్గుతుందని వాలంటరీ డిడక్టిబుల్ ఒప్పుకుని ఉంటే అది అదనం.

ఒక బంపర్ లెక్క వేద్దాం. బంపర్ 9,000, పెయింటింగ్ 6,000, లేబర్ 1,500, మొత్తం 16,500. బంపర్‌లో 4,500 పోతుంది, పెయింట్‌లో 750, డిడక్టిబుల్ 1,000. కంపెనీ ఇచ్చేది 10,250, మీరు కట్టేది 6,250. పైన చెప్పిన 35 శాతం ఓనర్‌కి 10,250 తెచ్చుకోవడం కోసం 12,000 దాకా వదులుకున్నట్టు అవుతుంది. అలాంటప్పుడు చేత్తో కట్టుకోవడమే మంచిది. అదే దెబ్బకి జీరో డిప్రిసియేషన్ యాడ్ ఆన్ (తరుగుదల కోత లేకుండా చేసే అదనపు కవర్, జీరో డెప్ అంటారు) ఉంటే కంపెనీ 15,500 ఇస్తుంది, అప్పుడు క్లెయిమ్ చెయ్యొచ్చు. జీరో డెప్‌లో ఏడాదికి ఇన్ని క్లెయిములే అని పరిమితి ఉండొచ్చు, అది చూసుకోండి.

నేను పాటించే పద్ధతి ఇది. తగ్గింపుకి ముందున్న ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఎంతో చూస్తాను, దాన్ని ఒకటింపావుతో హెచ్చవేస్తాను. కోతలన్నీ పోగా కంపెనీ ఇచ్చేది ఆ అంకెకి బాగా పైన ఉంటేనే క్లెయిమ్. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ తీసుకుని ఉంటే, అది ఎన్ని క్లెయిముల దాకా పనికొస్తుందో చూసుకుని ఈ లెక్క పక్కన పెట్టొచ్చు. ఈ పాలసీ ఏడాదిలో ఇప్పటికే ఒక క్లెయిమ్ చేసేసి ఉంటే బోనస్ ఎలాగూ సున్నా, రెండో దెబ్బకి ఆ భయం లేదు.

వర్క్‌షాప్‌లో సర్వీస్ అడ్వైజర్ ఒక మాట అంటాడు: "సార్, పనిలో పని, ఆ పాత గీతలు కూడా ఇందులోనే కలిపేద్దాం." ఒప్పుకోకండి. ఒక క్లెయిమ్ ఒక సంఘటనకే. ఎడమవైపు తగిలిన యాక్సిడెంట్‌లో కుడివైపు తలుపు తుప్పు పట్టిన గీత ఎలా వచ్చిందని సర్వేయర్ అడుగుతాడు, అసలు దెబ్బ మీద కూడా అనుమానం మొదలవుతుంది. సంతకం మీది, అడ్వైజర్‌ది కాదు.

సొంత పాలసీ మీదా, అవతలివాళ్ల పాలసీ మీదా?

ముందు మీ పాలసీ తెరిచి ఓన్ డ్యామేజ్ ఉందో లేదో చూడండి. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకి మూడేళ్ల థర్డ్ పార్టీ కవర్ కలిపే అమ్ముతున్నారు. దాంతో పాటు వచ్చే ఓన్ డ్యామేజ్ చాలాసార్లు ఒక్క ఏడాదికే ఉంటుంది. రెండో ఏడాది రెన్యూ చెయ్యడం మర్చిపోయినవాళ్లు "మాకు మూడేళ్ల ఇన్సూరెన్స్ ఉంది" అనే ధీమాతో తిరుగుతుంటారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మీ కారు రిపేర్‌కి ఒక్క రూపాయి రాదు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు పాలసీ తమ పేరు మీదకి మారిందో లేదో కూడా చూసుకోవాలి, దానికి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆర్‌సీ మీ పేరున, పాలసీ పాత ఓనర్ పేరున ఉంటే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర ఇబ్బందే.

తప్పు అవతలివాళ్లదైనప్పుడు వాళ్ల ఇన్సూరెన్స్ నుంచే రాబట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. న్యాయం కూడా అదే. కానీ మన దగ్గర ఆ దారి మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ మీదుగా వెళ్తుంది. పోలీస్ రికార్డు, లాయరు, వాయిదాలు, అవతలి డ్రైవర్ నిర్లక్ష్యాన్ని రుజువు చెయ్యడం, అన్నీ ఉంటాయి. ప్రైవేట్ కారు వల్ల జరిగిన ఆస్తి నష్టానికి థర్డ్ పార్టీ కవర్ 7.5 లక్షల దాకా ఉన్నా, 60,000 రిపేర్ కోసం ఆ దారి పట్టడం నాకు సమంజసంగా అనిపించదు. ఓన్ డ్యామేజ్ ఉంటే బోనస్ పోయినా దాని మీదే రిపేర్ చేయించుకోండి. అది లేనివాళ్లకి, నష్టం పెద్దదైనవాళ్లకి ట్రిబ్యునలే దారి. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు తీసుకోవడం మాత్రం కుదరదు.

మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా విషయం పూర్తిగా వేరు. అక్కడ ఓపిక పట్టి ట్రిబ్యునల్‌కి వెళ్లాల్సిందే. మోటారు వాహనాల చట్టంలోని 164వ సెక్షన్ కింద తప్పెవరిదో రుజువు చెయ్యక్కర్లేదు, మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. 166వ సెక్షన్ కింద నిర్లక్ష్యం రుజువు చెయ్యాలి, కానీ పరిహారం చనిపోయిన మనిషి వయసు, సంపాదన, మీద ఆధారపడినవాళ్లని బట్టి లెక్కగడతారు, 164లో లాగా ముందే ఖరారైన మొత్తం లేదు. 164 కింద పరిహారం తీసుకుంటే ట్రిబ్యునల్‌లో పెట్టుకున్న పిటిషన్ రద్దయిపోతుంది. సంపాదించే మనిషిని పోగొట్టుకున్న ఇల్లు తొందరలో 5 లక్షలకి సంతకం పెట్టడం ఎంత నష్టమో ఆలోచించండి. దుఃఖంలో ఉన్నవాళ్ల ముందుకి కాగితాలు వచ్చినప్పుడు దగ్గరివాళ్లెవరైనా "ఒక్క వారం ఆగండి, లాయర్‌ని అడుగుదాం" అనగలగాలి. అలాగని ఏళ్లు ఆగకూడదు. 166 కింద పిటిషన్‌కి చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 వస్తాయి. బండి ఓనరే నడుపుతూ చనిపోతే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందేమో పాలసీలో వెతకండి. అడగక వదిలేసుకునే ఇళ్లుంటాయి. వైద్యానికైతే 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకి 7 రోజుల దాకా 1.5 లక్షల వరకు నగదు కట్టకుండా చికిత్స ఉంది.

క్యాష్‌లెస్, రీయింబర్స్‌మెంట్

ఇందులో నాకు పెద్ద సందేహం లేదు. నెట్‌వర్క్ వర్క్‌షాప్ (మీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నది) అందుబాటులో ఉంటే క్యాష్‌లెస్. కంపెనీ తన వాటా నేరుగా వర్క్‌షాప్‌కి కడుతుంది, మీరు కోతలు కట్టి బండి తెచ్చుకుంటారు. క్యాష్‌లెస్ అంటే సున్నా బిల్లు అని మాత్రం అనుకోవద్దు. ఆయిల్, నట్లు బోల్టులు, కూలెంట్ లాంటివి కన్జ్యూమబుల్స్ కింద మీ మీదే పడతాయి, దానికి విడిగా యాడ్ ఆన్ ఉంటే తప్ప. పని మొదలెట్టక ముందే "నా వాటా ఎంత పడుతుంది?" అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. డెలివరీ రోజు కౌంటర్ దగ్గర గొడవ పడటం కన్నా అది నయం.

నమ్మకమైన మెకానిక్ దగ్గరే చేయించాలనుకుంటే, ఊళ్లో నెట్‌వర్క్ లేకపోతే రీయింబర్స్‌మెంట్, అంటే ముందు మీరు బిల్లు కట్టి తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకోవడం. అందులో ప్రమాదం ఒకటే: సర్వేకి ముందే విప్పేయడం. కంపెనీకి చెప్పి, సర్వేయర్ చూసి, అనుమతి వచ్చాకే స్పానర్ పట్టించండి. నష్టం 50,000 దాటితే లైసెన్సు ఉన్న సర్వేయర్ చూసి తీరాలి, చిన్నవాటికి ఫోటోలు, వీడియో కాల్ సరిపోవచ్చు. మార్చిన పాత భాగాలు పారెయ్యకండి, చూపించమంటారు. పక్కా బిల్లులు తీసుకోండి. తెల్ల కాగితం మీద రాసిన అంకెలకి డబ్బు రాదు.

ఏ దారిలోనైనా, విప్పాక లోపల కొత్త దెబ్బలు బయటపడితే సప్లిమెంటరీ ఎస్టిమేట్ వేయించి సర్వేయర్‌కి మళ్లీ చూపించాలి. నా బండి బీమ్ లాంటివన్నీ ఈ దశలోనే కనిపిస్తాయి. వారంటీలో ఉన్న కారుని, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న కారుని కారు కంపెనీ అధీకృత వర్క్‌షాప్‌కే ఇస్తాను నేను. ఏడెనిమిదేళ్ల బండికి తలుపు, ఫెండర్ పని అయితే నెట్‌వర్క్‌లోని మల్టీ బ్రాండ్ వర్క్‌షాప్ చాలు. బండి తీసుకునేటప్పుడు పని నచ్చిందని ఒప్పుకునే శాటిస్‌ఫాక్షన్ వోచర్ మీద సంతకం అడుగుతారు. పగటి వెలుగులో రంగు కలిసిందో లేదో చూసి, నాలుగు తలుపులూ వేసి తీసి, ఒక రౌండ్ నడిపి, ఆ తర్వాతే పెన్ను పట్టుకోండి.

బండి బాగుపడదు అన్నప్పుడు

రిపేర్ ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన మీ కారు విలువలో) 75 శాతం దాటితే టోటల్ లాస్ కిందకి, అంటే బండి పూర్తిగా పోయినట్టు తీసుకుంటారు. మీకు వచ్చేది ఐడీవీ నుంచి డిడక్టిబుల్ తీసేసినంత. ప్రీమియం తగ్గుతుందని రెన్యువల్‌లో ఐడీవీ తగ్గించుకున్నవాళ్లు బాధపడేది ఈ రోజే. లోన్ ఉంటే ముందు బ్యాంకు బాకీ తీరుతుంది. కొత్త కారుకి రిటర్న్ టు ఇన్వాయిస్ యాడ్ ఆన్ ఉంటే కారు కొన్న బిల్లు ధర వస్తుంది. ఆ యాడ్ ఆన్ మొదటి రెండు మూడేళ్లు తీసుకోదగ్గదే.

శిథిలాన్ని మీ దగ్గరే ఉంచుకుని దాని విలువ పోగా మిగతాది తీసుకోమని కూడా కంపెనీ అనొచ్చు. అమ్ముకోవడం తెలిసినవాళ్లకి తప్ప ఆ దారి వద్దు. ఎలా సెటిల్ చేసుకున్నా ఆర్‌సీ సంగతి తేల్చండి. పనికిరాని బండి గురించి 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలని చట్టం. మీ పేరు మీద బతికి ఉన్న ఆర్‌సీ, ఛాసిస్ నంబరుతో సహా తెలియని చేతుల్లోకి పోతే రేపు పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.

కంపెనీ కుదరదంటే

కొన్ని కారణాలకి వాదన నిలబడదు: తాగి నడపడం, లైసెన్సు లేకపోవడం, సొంత కారుని అద్దెకి తిప్పడం. మిగతావాటికి ఊరికే వదలొద్దు. ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్ కొట్టెయ్యకూడదు. కాగితాలు లేవన్న సాకుతో కూడా తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో స్పష్టంగా చెప్పింది. సర్వే రిపోర్ట్ తెప్పించుకునే బాధ్యత కంపెనీదే, రిపోర్ట్ అందిన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. తగ్గించి ఇచ్చినా, తిరస్కరించినా కారణం ఏ షరతు కిందో రాతలో అడగండి. సర్వే రిపోర్ట్ కాపీ కూడా అడగండి.

ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్. కదలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసా లేదా 155255కి ఫోన్. నెల రోజులైనా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా వివాదాలు తేల్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్లకి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన రోజు నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. ఫిర్యాదుతో పాటు రోడ్డు మీద తీసిన ఆ మొదటి ఫోటోలు కూడా జత చెయ్యండి.